పట్టు తప్పిన దేశం

ఆగండి, ఆగండి! కాసేపు అలా కూర్చుని చెవి ఇటు పెట్టండి. ఈసారి మన యువరాజు మీదికి రాక్షసుడు రావడం లేదు, సైన్యం రావడం లేదు. ఒక మాట వస్తోంది. రెండక్షరాల మాట. అది ఎంత పని చేసిందో వింటే, రేపటి నుంచి నోరు తెరిచే ముందు ఒకసారి ఆలోచిస్తారు.

వజ్రకూటం చిన్న యువరాజు శరభాంకుడు గాజుల సెట్టి వేషంలో దుకూలదేశపు కోటగోడ కింద నిలబడి ఉన్నాడు. నెత్తిన పెద్ద తలపాగా, భుజాన గాజుల మలారం, మలారం లోపల ఎవరికీ కనబడకుండా కత్తి. పక్కన సెట్టి పెళ్లాం వేషంలో నాంచారి. ఆవిడ నిజానికి కన్నాలు వేసే దొంగ. వజ్రకూటం ఖజానాకే కన్నం వేసి దొరికిపోతే, ఉరి తప్పించి తన వెంట తెచ్చుకున్నాడు శరభాంకుడు. ఆవిడ బుట్టలో ఒక ముసలి ఉడుము ఉంది. దాని పేరు మావయ్య.

వాళ్లు వచ్చిన పని ఒక్కటే. శరభాంకుడి అన్న మేఘాంకుడు కిందటి నెల ఈ దేశానికి వచ్చి మాంత్రికుడు తంతుకేశుడితో తలపడ్డాడు, ఓడిపోయాడు. మాంత్రికుడు అతన్ని మనిషెత్తు పట్టుగూడులో చుట్టి చెట్టుకి వేలాడదీశాడు. పట్టుపురుగుల గూళ్లని కాగే నీళ్లలో వేసి దారం లాగుతారు కదా, అలాగే ఇవాళ పొద్దు గుంకే వేళకి ఆ గూడుని ఉడకబెట్టి, యువరాజు ప్రాణాన్ని దారంగా లాగి, ఇక్కడి రాజుగారికి ఉత్తరీయం నేయిస్తాడట. దారిలో ఎదురైన బాటసారులందరూ ఇదే చెప్పారు.

"పట్టపగలు గోడ ఎక్కడమేమిటి నాంచారీ? నలుగురూ చూస్తారు."

"చీకటి పడేదాకా ఆగితే మీ అన్నగారు ఉత్తరీయమైపోతారు దొరా. జరగండి, మావయ్యని విసురుతున్నా."

ఉడుము గోళ్లు రాతిలో దిగాయంటే ఏనుగు లాగినా ఊడిరాదు. దాని నడుముకి తాడు కట్టి విసిరి, ఆ తాడుతో నాంచారి ఎక్కని కోట లేదు. మావయ్య గాలిలో గింగిరాలు తిరుగుతూ వెళ్లి గోడకి అతుక్కున్నాడు. అతుక్కున్నట్టే అనిపించింది. తర్వాత తడిగోడ మీద బట్టలా మెల్లగా జారి, జారి, దబ్బున నాంచారి కాళ్ల దగ్గర పడ్డాడు. పడి, తన గోళ్ల వంక తనే వింతగా చూసుకున్నాడు.

"ఏంది మావయ్యా, పరువు తీశావు!"

అంతలో కోటద్వారం వైపు నుంచి కావలివాడు వచ్చాడు. ఈటె అతని చేతిలో లేదు. పట్టుగుడ్డతో మణికట్టుకి కట్టేసి ఉంది, వెనకాల నేల మీద గీసుకుంటూ వస్తోంది.

"జారిపోయిందా అమ్మా? ఇక్కడ అన్నీ జారిపోతాయిలే. ద్వారం తెరిచే ఉంది, లోపలికి రండి."

"మేం దొంగలమైతేనో?" అంది నాంచారి ఉండబట్టలేక.

"అయితే అవండి. దొంగిలించింది చేతిలో నిలవాలి గదా."

శరభాంకుడి చెయ్యి మలారంలోని కత్తి మీదికి పోయింది. వేళ్లు పిడిని తాకాయి, చుట్టూ వంగాయి, కానీ బిగుసుకోలేదు. ఉడికిన తోటకూర కాడల్లా వాలిపోయాయి. అప్పుడు తెలిసింది, జారింది ఉడుము ఒక్కటే కాదని.

లోపల ఆ నగరం ఎలా ఉందంటే, ఇంద్రుడు ఉతికి ఆరేసుకున్న బట్టల మధ్య నడుస్తున్నట్టు ఉంది! నెమలికంఠం రంగు తెరలు, దానిమ్మ రంగు పందిళ్లు, వీధికి అడ్డంగా పసుపు పట్టు, ఆకుపచ్చ పట్టు, గాలి వీస్తే ఊరంతా ఒక్కసారి మెరిసి ఒక్కసారి ఆరుతోంది. మేడల మీద దుమ్ము లేదు. ఇనుప గొలుసుల మీద తుప్పు లేదు. ఏ మూలా బూజు లేదు. కానీ ఆ వీధుల్లో తిరిగే మనుషుల కళ్లన్నీ ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి, ప్రతివాడి మణికట్టుకీ ఏదో ఒకటి కట్టి ఉంది. చెంబు, చేతికర్ర, చేటలు, తాళపుచెవులు. ఒకావిడ గరిటెని మోచేతికి కట్టుకుని పులుసు కలుపుతోంది.

ఒక అరుగు మీద కూర్చున్న ముసలావిడ గాజుల మలారం చూసి పిలిచింది. పేరు పేరిందేవమ్మ. పాలు మరవని మనవరాలిని పట్టుచీరతో గుండెలకి చుట్టుకుని ఉంది. గాజుల ధర చెప్పాడు శరభాంకుడు. సరే అంది. పరాకున రెట్టింపు చెప్పాడు. దానికీ సరే అంది.

నాంచారి నోరెళ్లబెట్టింది. "బేరమాడవేమే అవ్వా?"

"ఎందుకమ్మా? ఆయన చెప్పాడు, నేను సరేనన్నాను."

గాజు తొడగడానికి ఆవిడ చేతిని అందుకోబోయాడు శరభాంకుడు. చెయ్యి జారింది, గాజు జారింది, అరుగు మీద పడి ముక్కలైంది. ఆవిడ దాని వంక చూడనైనా లేదు.

"అవ్వా, మీ ఊరికి ఏమైంది?"

"ఏమో నాయనా. అంతా మా రాజుగారి ముచ్చట వల్ల." ఆవిడ గొంతులో కోపం లేదు, దిగులు కూడా లేదు. "వసంతోత్సవంలో అంశుకసేన మహారాజు సింహాసనం మీద కూర్చుని, 'లోకంలో మా పట్టుని మించినది లేదు' అన్నారు. పొరుగుదేశం నుంచి వచ్చిన ఒక మల్లుడు లేచి, 'ఏ పట్టు మహారాజా?' అని మూడు నాలుగు రకాలు అడిగాడు. సభంతా పగలబడి నవ్వింది. ఆ అడిగినవేమిటో ఇప్పుడు నా నోటికి రావు."

"మల్లపట్టా, తేనెపట్టా, ఉడుంపట్టా అని అడిగి ఉంటాడు."

పేరిందేవమ్మ మొహం చిట్లించింది. "మల్లపట్టంటే? మల్లులు కట్టుకునే పట్టుపంచా?"

"కాదవ్వా. ఒకడు ఇంకొకణ్ణి కదలకుండా ఇలా..." చూపించబోయాడు. వేళ్లు వాలిపోయాయి. "పోనీ, తేనెపట్టు తెలీదూ?"

"ఎందుకు తెలీదు? తేనెరంగు పట్టు. మా కోడలి పెళ్లిచీర అదే."

నాంచారి కిసుక్కున నవ్వింది. అవ్వ మొహం చూసి ఆపేసింది.

"ఆ నవ్వు రాజుగారికి గుచ్చుకుంది నాయనా. తంతుకేశుణ్ణి పిలిపించి వరం కోరారు. 'నా దేశంలో పట్టు అన్న మాటకి నా బట్ట తప్ప ఇంకో అర్థం ఉండకూడదు' అని. ఆయన సరే అన్నాడు. మర్నాడు పొద్దున నా చేతిలోంచి చెంబు జారింది. ఇదిగో, ఇది పుట్టింది ఆ తర్వాతే." మనవరాలి నెత్తి మీద అరచెయ్యి ఆనించింది. "అందరూ చూస్తారు, ముద్దాడతారు. కానీ బిడ్డని చేతుల్లోకి తీసుకుని ఇంకేదో చేసేవాళ్లం నాయనా, గట్టిగా. దాన్ని ఏమనేవాళ్లమో గుర్తు రావడం లేదు."

శరభాంకుడికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. మాటకి నాలుగు అర్థాలుంటే అవి నాలుగు వేరువేరు వస్తువులని రాజు అనుకున్నాడు. మూడు తీసేస్తే ఒకటి మిగులుతుంది, లెక్క సరిపోతుంది అనుకున్నాడు. కానీ అవి నేల కింద ఒకే వేరు. తుప్పు పట్టడం పోయింది, బూజు పట్టడం పోయింది, బాగానే ఉంది. ఆ వెంటే కంటికి నిద్ర పట్టడం పోయింది. తలనొప్పి వస్తే నుదుటికి వేసే శొంఠిపట్టు పోయింది. చెట్ల మీద తేనెపట్లు పోయాయి. చేతిలో బిగువు పోయింది. వీటన్నిటికన్నా భయంకరమైనది ఇంకొకటి పోయింది. అది ఆ తర్వాతి మాటల్లో అవ్వే చెప్పింది, తెలియకుండా.

"మరి మాంత్రికుణ్ణి వెళ్లి అడగలేదా?"

"వెళ్లకేం నాయనా, ఊరంతా కలిసి బయల్దేరాం. సగం దారిలో పోనీలే అనిపించింది. వెనక్కి వచ్చేశాం."

"ఎవరికీ కోపం రాలేదా?"

"వచ్చింది. నిలవలేదు." పడమటి కొండ వైపు గడ్డం ఎత్తి చూపించింది. "అక్కడ ఆయన కంబళి చెట్టుంది, పట్టుపురుగులు ఆకు మేసే చెట్టు. దాని కొమ్మలకి గాజుబుడగలు వేలాడుతుంటాయి. మా దగ్గర తీసుకున్నవేవో వాటిలోనే ఉన్నాయంటారు. బద్దలు కొడితే తిరిగొస్తాయంటారు. ఎవరు ఎక్కుతారు?"

పడమటి కొండ దారిలో సగానికి వచ్చేసరికి పొద్దు వాలడం మొదలైంది. నాంచారి నడక నెమ్మదించింది. చివరికి ఒక రాతి మీద కూర్చుండిపోయింది.

"పోనీలే దొరా. వెళ్లిపోదాం."

శరభాంకుడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఉరికంబం ఎక్కించి మెడకి తాడు వేసినా పోనీలే అనని మనిషి ఆవిడ! అంతకన్నా భయమేమిటంటే ఆ మాట వినగానే అతనికీ హాయిగా అనిపించింది. నిజమే కదా, అన్న తనంతట తాను వచ్చాడు, నేనేం రమ్మన్నానా, అని ఒక మెత్తటి ఆలోచన పట్టుపరుపులా పరుచుకుంది. దాని మీద పడుకోవాలనిపించింది. అతను తన చెంప తనే వాయించుకున్నాడు.

"లే! కన్నం వేసి లోపలికి దూరి, బయటికి రాలేక ఇరుక్కుపోయిన దొంగవి నువ్వు. నీకింకెవరు పని చెబుతారే?"

నాంచారి కళ్లలో కొంచెం మంట రేగింది. "ఇంకోసారి అనండి దొరా."

"లావుపాటి దొంగవి."

"చాలు, వచ్చింది!" లేచింది. "మీకూ కావాలా? కత్తి నూరుకోవడం రాని యువరాజా! గుర్రం మీంచి బురదలో పడి, గుర్రాన్ని తిట్టిన వీరుడా!"

"అది నీకెవరు చెప్పారు?"

"గుర్రమే చెప్పింది, నడవండి!"

అలా ఒకరినొకరు నానా తిట్లూ తిట్టుకుంటూ కొండెక్కేశారు. తిట్టు ఆగిందంటే కాళ్లు ఆగుతున్నాయి. అందుకని వంశాలదాకా వెళ్లిపోయారు, ఎవరూ బాధపడలేదు.

కొండ అంచున కంబళి చెట్టు తాడిచెట్టంత నిటారుగా లేచి ఉంది, బోదె నున్నగా అద్దంలా ఉంది. పైన ఆకాశమంత కొమ్మలు. ఒక కొమ్మకి తెల్లటి పట్టుగూడు వేలాడుతోంది. దాని లోపల ఏదో మసక మసకగా కదులుతోంది. సరిగ్గా దాని కింద రాగి కొప్పెరలో నీళ్లు కుతకుతలాడుతున్నాయి. గూడు చుట్టూ గాజుబుడగలు, ఒకదాంట్లోంచి ఝుమ్మని రొద, ఒకదాంట్లో గుప్పిలిలా ఏదో ముడుచుకుని కొట్టుకుంటోంది. కొమ్మ కొసన ఇంకొకటి, దీపంలా, గాలి ఎంత వీచినా కదలకుండా ఉంది.

"చేతులు లేకుండా ఎలా ఎక్కడం?" అన్నాడు శరభాంకుడు.

నాంచారి బోదెని తడిమి చూసింది. "మా తాత కల్లు గీసేవాడు దొరా. చెట్టెక్కింది చేతుల్తో కాదు, మోకుతో. నడుముకీ చెట్టుకీ కలిపి ఒక చుట్టు, వెనక్కి వాలి, కాలు తన్ని, మోకు పైకి ఎగరేయడమే." వేషానికని కట్టుకున్న పట్టుచీర కొంగు పంటితో కరిచి చింపింది. "ఈ దేశంలో మిగిలింది ఒక్క పట్టుగుడ్డే గదా. దాన్నే వాడుకుందాం."

శరభాంకుడు పట్టుమోకులో నడుము ఇరికించి వెనక్కి వాలాడు. తన్నాడు, మణికట్లతో మోకు ఎగరేశాడు, తన్నాడు. కింద నుంచి నాంచారి తిట్లు ఆపలేదు. మొదటి కొమ్మ చేరేసరికి చెట్టు చిటారు నుంచి తెల్లటి వెంట్రుకలు వానలా జాలువారాయి. ఆ వెంట్రుకల మధ్య ఊయలలో కూర్చున్నట్టు కూర్చుని తంతుకేశుడు కిందికి దిగాడు. మూరలు మూరలు పట్టుదారం లాంటి జుట్టు, దాని నడుమ ఎలుక మొహం.

"గాజులు అమ్ముకోవడానికి ఇంత దూరమా సెట్టీ?" అన్నాడు తియ్యగా.

"నీకే తొడుగుదామని," అంటూ శరభాంకుడు తలతో పక్క బుడగని ఢీకొట్టాడు. గాజు పగిలి నుదురు చిట్లింది. రొద ఒక్కసారి బద్దలైంది! ఎన్నాళ్లుగానో గూడు లేని తేనెటీగలన్నీ తమ పట్టు తిరిగొచ్చిందని తెలిసి నాలుగు దిక్కుల నుంచీ దూసుకొచ్చాయి. కట్టుకోవడానికి చోటు వెతికాయి. అంత ఒత్తయిన జుట్టు వాటికి ఇంకెక్కడ దొరుకుతుంది?

తంతుకేశుడు గావుకేకలు పెడుతుంటే శరభాంకుడు కొమ్మ మీద పొట్టతో పాకి, గుప్పిలిలా కొట్టుకుంటున్న రెండో బుడగని మోచేత్తో పొడిచాడు.

ఫెళ్!

కొండ కింద నగరంలో ఆ క్షణాన ఏం జరిగిందో చెబుతాను. కావలివాడి ఈటె అతని చేతిలో నిలబడింది. పులుసు కలిపే ఆవిడ మోచేతికున్న గరిటె కట్టు విప్పేసింది. పేరిందేవమ్మ పట్టుచీర ముడి విప్పి, మనవరాలిని రెండు చేతులా ఎత్తి, గట్టిగా పట్టుకుంది. ఆ చేసే పనిని ఏమంటారో అప్పటికీ గుర్తు రాలేదావిడకి. ఏడుస్తూ పట్టుకునే ఉంది.

చెట్టు మీద శరభాంకుడి వేళ్లు కొమ్మ చుట్టూ బిగుసుకున్నాయి. ఎంత హాయి! కానీ ఆ హాయి అనుభవించే తీరిక ఎక్కడిది? తేనెటీగలతో మొహమంతా వాచిపోయిన తంతుకేశుడు జుట్టుని కొరడాలా విసిరాడు. పట్టుగూడుని మోస్తున్న తాడు పుటుక్కున తెగింది.

శరభాంకుడు దూకాడు. ఎడమ చెయ్యి కొమ్మ మీద, కుడి చెయ్యి తెగిన తాడు కొస మీద. దొరికింది! గూడు కొప్పెర మీద ఊగింది, ఆవిరి దాని అడుగుని నాకింది. నడుముకున్న పట్టుమోకు మాత్రం సాగినంత సాగి, బోదె చుట్టూ అలాగే ఉండి అతన్ని వెనక్కి లాగుతోంది. ముందుకి ఊగి కొప్పెర అవతలి కొండగట్టు మీదికి దూకుదామంటే అదే అడ్డు. అది లేకపోతే, కొమ్మ విరిగినప్పుడు ఆపేది ఇంకేదీ లేదు. పొద్దు కొండ అంచుని తాకింది.

"దొరా! కొమ్మ చిట్లుతోంది!" నాంచారి అరిచింది.

తంతుకేశుడు మొహం మీది ఈగల్ని తోలుకుంటూ దగ్గరికి వచ్చాడు. కొమ్మ కొసనున్న కదలని బుడగకి అడ్డంగా నిలబడ్డాడు. అతని గొంతు ఇప్పుడు తియ్యగా లేదు, అలిసిపోయి ఉంది.

"సెట్టీ, రాజా, ఎవరివైతేనేం. బిగువు తీసుకుపో, తేనె తీసుకుపో. ఈ ఒక్క బుడగ జోలికి రానని మాట ఇవ్వు. ఈ గూడులోవాణ్ణి ఇప్పుడే మనిషిని చేసి ఇస్తాను. ఇది లేకపోయినా ఈ జనం చక్కగా బతుకుతున్నారు. ఎవరైనా నిన్ను అడిగారా? ఒక్కరైనా?"

శరభాంకుడు ఆలోచించాడు. నిజమే, ఒక్కరూ అడగలేదు. అడగాలన్న పట్టుదల ఆ బుడగలోనే ఉంది మరి.

అప్పుడు గూడు లోపల నుంచి, పొరల వెనక నుంచి, నెల రోజులుగా వినని గొంతు వినిపించింది.

"తమ్ముడూ... పట్టు విడువు!"

అన్న మాట శరభాంకుడు ఏనాడూ జవదాటలేదు. ఇప్పుడూ దాటదలుచుకోలేదు. కానీ అన్న విడవమన్నది ఏది? తన చేతిలోని తాడునా, నన్ను వదిలేసి నువ్వైనా బతుకు అని? నడుముకున్న పట్టుమోకునా, ధైర్యం చేసి ఊగి దూకు, ఇద్దరం బయటపడదాం అని? లేక ఈ మొండి పట్టునా, మాంత్రికుడితో రాజీకి ఒప్పుకో అని? నెల రోజులు ఈ దేశంలో ఉన్న మనిషికి ఆ మాటలో ఎన్ని అర్థాలు మిగిలి ఉంటాయి? బిగువు తిరిగొచ్చి నిమిషమైనా కాలేదు, అది ఆ పొరలు దాటి అన్నదాకా వెళ్లిందా?

"ఏ పట్టన్నా?" అని అరిచాడు. గూడు కొప్పెర మీద మళ్లీ ఊగింది.

ఆ క్షణంలో అంశుకసేన మహారాజు కోరుకున్న వరం ఎంత సుఖమైనదో శరభాంకుడికి మొదటిసారి తెలిసింది. మాటకి ఒక్కటే అర్థం ఉంటే ఎంత బావుండును! కొమ్మ ఇంకొంచెం చిట్లింది. తాడు అరచేతిని కోస్తోంది, మోకు నడుముని కోస్తోంది, ఎదురుగా మాంత్రికుడు చెయ్యి చాచి ఉన్నాడు.

ఏదో ఒకటి విడవాలి. విడిచింది మళ్లీ చేతికి రాదు. ఆ కొమ్మకి మీరు వేలాడుతుంటే, ఆ గొంతు మీ అన్నదే అయితే, చెప్పండి, ఏ పట్టు విడుస్తారు?